దుంపలు వార్చిన నీళ్ళు

ఆ ఉదయం ఆకాశం బూడిదరంగులో బాగా కిందికి దిగి వచ్చింది. బట్టీ గొట్టంలోంచి వచ్చిన పొగ పైకి పోలేక పెరట్లోనే తచ్చాడుతోంది. బేకరీ మాస్టారు గడప మీద కూర్చుని దాన్నే చూస్తున్నాడు.

గుండె బలహీనపడి కాళ్ళు వాచినప్పటి నుంచి బట్టీ పని భార్య చేతికి వచ్చింది. వాపు తగ్గడానికి ఇచ్చిన మాత్రల్లో ఒకటి ఒంట్లోని పొటాషియాన్ని బయటికి పోనివ్వదనీ, అది మితిమీరితే గుండె చెప్పాపెట్టకుండా ఆగిపోవచ్చనీ డాక్టరు ముందే హెచ్చరించాడు. అరటిపళ్ళు మానమన్నాడు. బంగాళాదుంపల్ని సన్నగా తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, నీళ్ళు వార్చేసి తినమన్నాడు. పొటాషియం చాలావరకు ఆ నీళ్ళలోకి దిగిపోతుందట.

ఆమె పొల్లు పోకుండా అలాగే వార్చింది. అయితే పారబోయలేదు. దుంపలు ఉడికిన నీళ్ళతో పిండి కలిపితే రొట్టె మెత్తగా పొంగుతుంది, మర్నాటికి కూడా గట్టిపడదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమెకు ఈ కిటుకు నేర్పింది మాస్టారే. అమ్మకం రొట్టెలకు ఆ నీళ్ళు చాలవు. ఇంటి రొట్టె మాత్రం రోజూ వాటితోనే.

"ఏమే, ఈమధ్య నీ చెయ్యి తిరిగింది. రొట్టె దూదిలా ఉంటోంది," అన్నాడాయన ఆ ఉదయం కూడా. మాట కాస్త ముద్దగా వచ్చింది.

"ఇన్నేళ్ళకి ఒప్పుకున్నారు. ఇంకో ముక్క తినండి మరి. ఏం తింటున్నారని, మొహం చూడండి ఎలా పాలిపోయిందో!"

రొట్టెలు బండికెక్కిస్తున్న ఆమె తమ్ముడు నవ్వాడు. "బావా, నీ గుండెకి ఉప్పు పడదు, అరటిపండు పడదు. మా అక్క పడుతుందో లేదో డాక్టర్ని అడిగావా?"

"అడిగితే ఏమంటాడోనని అడగలేదురా."

నవ్వులు ఆగేసరికి ఆయన చేతిలోని గ్లాసు జారి కింద పడింది. పట్టు తప్పిందనుకున్నారు. కొన్నాళ్ళుగా అంతే. కాళ్ళు తడిసిన గోనెల్లా ఈడుస్తున్నాడు. బట్టీ పార ఎత్తబోతే వేళ్ళు ముడుచుకోవడం లేదు. నీరసం అనుకుని ఆమె ముక్క ఇంకాస్త మందంగా కోసింది. కూతురు వచ్చి తండ్రి మణికట్టు పట్టుకుంది. నాడి ఒకసారి కొట్టుకుంది. ఆ తర్వాతి దెబ్బ రావడానికి ఆలస్యమైంది. మరీ ఆలస్యమైంది.

"అమ్మా, నాన్న నాడి బాగాలేదు."

"రాత్రి నిద్రపట్టలేదంతే. తిననీ."

తింటూండగానే ఆయన పక్కకి ఒరిగిపోయాడు. సగం కొరికిన ముక్క గడప మీద పడింది. రొట్టెలు దించేసి, ఆ బండిలోనే ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

గుండె గీతల కాగితం చూడగానే డాక్టరు గొంతు మారింది. నర్సులు పరుగులు పెట్టారు. ఒక సూదిమందు, దాని వెనకే ఇంకొకటి. తెర మీద గీత నడుస్తూ, నిలుస్తూ, మళ్ళీ నడుస్తోంది. అది నిలిచినప్పుడల్లా ఆమె కూడా ఊపిరి బిగబట్టింది.

గీత కాస్త కుదుటపడ్డాక డాక్టరు బయటికి వచ్చాడు. "పొటాషియం విపరీతంగా పెరిగింది. కిడ్నీలు కూడా మందగించాయి. ఏం పెడుతున్నారమ్మా?"

"మీరు చెప్పినట్టే బాబూ. ఉడికించి వారుస్తున్నా."

"వార్చిన నీళ్ళు?"

"పిండిలో కలుపుతున్నా. వృథా ఎందుకని..." ఆమె మాట అక్కడే ఆగిపోయింది.

డాక్టరు కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని ఆమెకు అనిపించింది. "పారబొయ్యమని నేను విడమరిచి చెప్పాల్సింది," అన్నాడు మెల్లగా. "ఆ మాత్ర ఆపేస్తున్నాను. మళ్ళీ ఇలా అయితే ఇక్కడిదాకా తెచ్చే వ్యవధి ఉండదు."

మాస్టారు బతికే ఇంటికి వచ్చాడు. నడక మాత్రం మునుపటిది కాదు.

ఆ పూట ఆమె దుంపలు ఉడికించింది. వార్చిన గిన్నె పట్టుకుని పెరటి గుమ్మం దగ్గర నిలబడిపోయింది. తర్వాత కాలవలోకి ఒంపింది. ఆవిరి లేచి ఆమె మొహాన్ని కప్పింది.

నలుగురూ కూర్చున్నారు. ఆమె భర్త కంచంలో వడ్డించి, అందులోంచే ఒక ముక్క తీసి ముందుగా తన నోట్లో వేసుకుంది. తను తిని చూసినందువల్ల తెలిసేదేమీ ఉండదని ఆమెకూ తెలుసు, మిగతావాళ్ళకూ తెలుసు. మాస్టారు కంచం వైపు చూస్తూ ఉండిపోయాడు. తమ్ముడు తల దించుకున్నాడు. కూతురి చెయ్యి తండ్రి మణికట్టు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చింది.

ఆయన ముద్ద తీసుకుని నమిలాడు. గొంతు దిగేదాకా ముగ్గురూ చూశారు. ఆ తర్వాత ఎవరి కంచంలోకి వాళ్ళు చూసుకుంటూ తిన్నారు.