యారియెల్ మణికట్టు

"ఆ మణికట్టుని తొందరపెట్టకూడదు. పాపం, ఎంత చాకిరీ చేసిందో! ఈ సీజనంతా దాని దగ్గర్నుంచి ఎవరూ ఏమీ ఆశించకండి."

మాట మా ఆయనది. నేలమాళిగలో ఆయన మైకు ముందు ఏం మాట్లాడినా హీటరు గొట్టం గుండా పైకి నా వంటింట్లోకి వస్తుంది. నేనప్పుడు సింకు దగ్గర నిలబడి, పొద్దున్న ఆయన గోయెటా అనే మాంసం ముక్కలు వేయించుకుని మాడ్చి వదిలేసిన పెనం గీకుతున్నాను. కుడిచేతి వేళ్లు మొద్దుబారి పీచు జారిపోతుంటే ఎడమచేతికి మార్చుకున్నాను. సరిగ్గా అప్పుడు వినబడింది ఆ మాట. ఒక్క క్షణం అది నా గురించే అనుకున్నాను. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆ వెంటనే యారియెల్ పేరు వచ్చింది.

యారియెల్ మా ఊరి బేస్‌బాల్ జట్టులో మూడో బేస్ దగ్గర ఆడే కుర్రాడు. పోయిన శరదృతువులో మణికట్టు దగ్గర చిన్న ఎముక విరిగితే కోసి తీసేశారు. కర్ట్, అంటే మా ఆయన, పగలు హీటర్లు అమ్మే కంపెనీలో పనిచేస్తాడు, సాయంత్రాలు ఇంటర్నెట్‌లో పందెంరాయుళ్లకి సలహాలు చెబుతాడు. ఏటా మార్చిలో, ఓపెనింగ్ డేకి, అంటే సీజన్లో మొదటి ఆట జరిగే రోజుకి, ముందు వచ్చే ఆదివారం, రాబోయే సీజన్ గురించి పెద్ద కార్యక్రమం చేస్తాడు. జట్టు గెలుస్తుందా ఓడుతుందా అన్నది కాదు ఆ పందెం. ఒక్కొక్క ఆటగాడి మీద విడివిడిగా కాస్తారు. ఫలానావాడు ఇవాళ బంతిని ఎన్నిసార్లు కొడతాడు, బంతి విసిరే ఫలానా పిచ్చర్ ఎంతమందిని ఔట్ చేస్తాడు అని పందేల కంపెనీ ఒక అంకె చెబుతుంది. దానికంటే ఎక్కువో తక్కువో మనం తేల్చుకోవాలి. అలా తేల్చుకోవాలంటే ఆ మనిషి ఒళ్లు తెలియాలి. వాళ్ల ఒళ్లు మా ఆయనకి తెలిసినంతగా కన్నతల్లులకి కూడా తెలిసి ఉండదు.

ఏ పిచ్చర్‌కి భుజం పట్టేసిందో, ఎవరు పగటి ఆటల్లో నీరసపడతారో, ఎవరికి విడాకుల గొడవ నడుస్తోందో అన్నీ చెబుతాడు. యారియెల్ పెళ్లానికి మే నెలలో కాన్పట. "ఆ రెండు వారాలూ మన కుర్రాడికి నిద్రుండదు, తక్కువ మీద పెట్టండి" అంటున్నాడు. మా అమ్మాయి పుట్టినరోజు ఎప్పుడని ప్రతి ఏడూ నన్నే అడుగుతాడు.

నాకు కుళ్లు పుట్టింది. దాచడమెందుకు? యాభై మూడేళ్లదాన్ని, ఇరవైనాలుగేళ్ల కుర్రాడి చెయ్యి మీద కుళ్లుకున్నాను. ఇంకో ఆడదైతే ఏం చెయ్యాలో తెలిసేది. పేరు పెట్టి నాలుగు తిట్టి, తలుపు వేసుకుని ఏడ్చేదాన్ని. మణికట్టుని ఏమని తిట్టను? ఆ వారమంతా ఫోనులో వాడి ఫొటోలే వెతికాను. ఒకదాంట్లో తెల్లకోటు మనిషి ఆ చేతిని రెండు చేతుల్లో పెట్టుకుని, పిట్టపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని చూస్తున్నాడు. నిద్రలో వంగకుండా దానికో మెత్తటి కట్టు. బ్యాటు బరువు తగ్గించారట. ప్రయాణంలో వాడి పెట్టె వాడు మొయ్యకూడదట. మొయ్యకు నాన్నా, మొయ్యకు, నేనున్నాగా అనుకున్నాను. అప్పుడు నా చేతిలో బట్టల బుట్ట ఉంది, బుట్ట మీద బీరు డబ్బాల అట్టపెట్టె ఉంది, నేను నేలమాళిగ మెట్లు దిగుతున్నాను.

నేను పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తాను. ఊళ్లోవాళ్ల పళ్ల గార గీకడం నా ఉద్యోగం. పగలంతా అక్కడ గీకి, సాయంత్రం ఇంట్లో గిన్నెలు గీకి, కుడి మణికట్టులో నరం నొక్కుకుపోయింది. కాఫీ కప్పు చేతిలో ఉందో జారిపోయిందో చూసుకుంటే గాని తెలియదు. కిందటేడే ఆపరేషన్ చేయించుకోవాలన్నారు. మార్చి చివర్లో తేదీ ఇచ్చారు కూడా.

"మార్చిలోనా? ఓపెనింగ్ డే పెట్టుకుని నాకీ గొడవేంటి బెర్నీ?" అన్నాడు కర్ట్. "జులైలో ఆటలకి సెలవులొస్తాయిగా, అప్పుడు చేయించుకో."

జులైలో అత్తగారికి కంటి ఆపరేషన్ వచ్చింది. ఆమె పేరు ఇర్మా, ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికే వస్తుంది. నేను చుక్కల మందు వేశాక కళ్లు మూసుకునే అంది: "నలుగుర్ని కన్నాను, వాషింగ్ మిషన్ లేని రోజుల్లో దుప్పట్లు పిండాను. చెయ్యి నొప్పని ఎవరికైనా చెప్పానా? మావాడి బుర్రలో ఆట తప్ప ఏదీ నిలవదమ్మా, చిన్నప్పట్నుంచీ అంతే. నువ్వే సర్దుకోవాలి." సర్దుకున్నాను. ఈ జనవరిలో డాక్టరు నా బొటనవేలి కింద నొక్కి చూసి, ఇక్కడ కండ కరిగిపోతోంది, ఇంకో ఏడాది ఊరుకుంటే తిరిగి రాదు, ఈ ఉద్యోగం కూడా మర్చిపోవచ్చు అన్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ మాట చెప్పాను. కర్ట్ ఫోను చూసుకుంటూ "ఊఁ" అన్నాడు. అంతలోనే తలెత్తి, "యారియెల్ పట్టు మళ్లీ గట్టిపడిందట తెలుసా?" అన్నాడు. ఎంత ఆనందంగా అన్నాడో! నా చేతిలోంచి గరిటె జారి కిందపడింది. "మెల్లిగా" అన్నాడు.

అందుకే, హీటరు గొట్టంలోంచి ఆ మాట విన్న మర్నాడు ఆసుపత్రికి ఫోన్ చేశాను.

"అంత తొందరగా అంటే ఒక్క గురువారమే ఉందమ్మా" అంది ఫోనెత్తిన అమ్మాయి. "ఓపెనింగ్ డే. ఆ రోజుకి ఎవరూ ఒప్పుకోరు, ఊరంతా ఊరేగింపులో ఉంటుందిగా. మా డాక్టరుగారు వేరే ఊరాయన, ఆయనకి మన ఆట పట్టదు. మీరు మాత్రం ఆలోచించుకుని చెప్పండి, తర్వాత మీ ఇంట్లో గొడవవుతుంది."

"రాసుకోమ్మా, బెర్నడెట్ అని" అన్నాను.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియక కాదు, చెప్పినా "ఊఁ" అంటాడని.

పెద్ద కార్యక్రమం చేసే ఆదివారం వచ్చింది. కర్ట్ పిన్నికొడుకు వెండెల్ పక్కన కూర్చుని గంట వాయిస్తూ, నవ్వుతూ ఉంటాడు, అదే వాడి పని. కార్యక్రమం చివర్లో "మా ఆవిడ మాట" అని ఒకటి ఉంటుంది. నేను తిండి పళ్లెం పట్టుకుని కిందికి వెళ్లాలి, ఎవరో ఒక ఆటగాడి పేరు చెప్పాలి, వాళ్లు నవ్వాలి. ఎప్పుడో ఓ ఏడు, వాడి ప్యాంటు బాగుందని ఎవరి పేరో చెప్పాను సరదాకి. ఆ మాటని రికార్డు చేసి ఉంచి ఏటా మళ్లీ వినిపిస్తారు. అంగడిలో ముక్కూమొహం తెలియనివాళ్లు నన్ను చూసి "ప్యాంటు బెర్నీ!" అని పిలిచారు ఓసారి. నేనూ నవ్వాను, నవ్వకపోతే బాగోదని.

వెండెల్ గంట వాయించాడు. నా పాత గొంతు "ప్యాంటు బాగుంది" అంది. ఇద్దరూ నవ్వారు.

"చెప్పు బెర్నీ, ఈ ఏడు ఎవరి మీద?" అన్నాడు కర్ట్, పళ్లెం కోసం చెయ్యి చాపుతూ.

"బెర్నడెట్ మీద."

"ఎవరూ?" అన్నాడు వెండెల్. "కొత్తగా వచ్చిందా?"

"పాతదే. ముప్పై ఏళ్లుగా ఈ ఇంట్లో ఆడుతోంది, ఒక్క ఆట మానలేదు. కుడి మణికట్టు పోయింది. కిందటేడు కోయించుకుంటానంటే జట్టువాళ్లు వద్దన్నారు. ఈ గురువారం కోస్తున్నారు."

"గురువారం ఓపెనింగ్ డే కదా!" అని నవ్వబోయాడు వెండెల్.

"అవును. అందుకే ఖాళీ దొరికింది. వినేవాళ్లంతా రాసుకోండి. వంట, బట్టలు, పెనాలు, అత్తగారి మందులు, ఈ మెట్ల మీద పళ్లాలు మొయ్యడం, అన్నిట్లోనూ తక్కువ మీద పెట్టండి. నష్టపోరు."

వెండెల్ చెయ్యి గంట మీదే ఆగిపోయింది. కర్ట్ నా చేతి వైపు చూశాడు. బొటనవేలి కింద గుంట పడిన చోటే ఆగాయి కళ్లు. అది ఎంతకాలంగా అలా ఉందో లెక్క వేసుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది, ఆయనకి వచ్చిన విద్య అదే కదా. నోట్లోంచి కూడా, ఏ ఆటగాడికి దెబ్బ తగిలినా మొట్టమొదట అడిగే మాటే వచ్చింది.

"తిరిగి రావడానికి ఎన్ని వారాలు?"

ఆ ప్రశ్న కోసం ఎంత కుళ్లుకున్నానో. పళ్లెం బల్ల మీద పెట్టేసి, మైకు నా వైపు తిప్పుకున్నాను.

"తెలీదు కర్ట్. మణికట్టుని తొందరపెట్టకూడదు."