గడియ అవతల నీలి సైన్యం

వంతెన వదిలేస్తే ఏమవుతుంది, వదిలేసి గుర్రపుదళాన్ని కొండ వెనక్కి లాగేస్తే పొడుగు ఆగదు, నది దాటి వచ్చేస్తుంది, దానికి మొదట్నుంచీ తొందరెక్కువ, దాని ఎత్తు చూసి పొడుగు అని పేరు పెట్టి హాస్టల్ గదిలో మేమిద్దరం ఆడుకునే రోజుల్లోనూ అంతే, గెలుస్తున్నానని తెలియగానే పాచికలు గుప్పిట్లో ఆడించకుండానే విసిరేసేది, అనుకుంటూ నీలం అట్టబిళ్ళని రెండు వేళ్ళతో పట్టుకుని గాల్లో ఆపాను, కింద భోజనాల బల్ల నిండా పటం, పటమంతా తేనెపట్టులా ఆరు మూలల గళ్ళు, ఒక్కో గడిలో అడవో కొండో వాగో, బిళ్ళ మీద రెండంకెలు, ఒకటి దాని బలం, ఒకటి దాని నడక, ఈ అంకెలు చదవడానికి ఇప్పుడు కళ్ళు చికిలించాల్సి వస్తోంది, ఫోను స్పీకర్లో పెట్టి ఉప్పు సీసాకి ఆనించాను, అవతల పొడుగు ఇంట్లోనూ ఇదే పటం, ఇవే బిళ్ళలు, గోధుమరంగు సైన్యం దానిది, నీలం నాది, ఏమే, నిద్రపోయావా, ఒక్క ఎత్తుకి ఇంతసేపా అంటోంది, ఉండవే తల్లీ, ఆలోచించుకోనీ అన్నాను, అని నా మాటకి నేనే ఆశ్చర్యపోయాను, ఆలోచించుకోనీ అని నేను ఎవరితోనైనా అని ఎన్నాళ్ళయింది, ఆస్పత్రిలో ఊపిరి బిగబట్టండి, కదలకండి, వదిలేయండి, తర్వాత ఎవరు, ఇంట్లో నోరు తెరు, మింగు, చెప్పులు ఏవీ, పద, ఆలోచన ఎందుకు ఆ బతుక్కి.

పోయిన నెలలో ఒకరోజు ఎక్స్‌రే గదిలో రోగి ఎవరూ లేకపోయినా తలుపేసుకుని పైన ఎర్రదీపం వెలిగించాను, అది వెలుగుతుంటే ఎవరూ లోపలికి రారు, గోడకి వీపు ఆనించి నిలబడ్డాను, ఏడుపు రాలేదు, వస్తే బాగుండేది, బయట బల్లల మీద జనం దగ్గుతున్నారు, ఇలాగే ఉండిపోతే ఏమవుతుంది, ఇంటికి వెళ్ళకపోతే ఏమవుతుంది అన్న ఆలోచన మెల్లగా వచ్చి పక్కన కూర్చుంది, దానికి నేను భయపడలేదు, అదే నన్ను భయపెట్టింది, ఆ వారంలోనే చంటాడికి వాళ్ళక్క పిడుగు పాత స్వెట్టర్లు దించుదామని అటక మీద చెయ్యి పెట్టి తడుముతుంటే ఈ ఆట పెట్టె జారి నా పాదం మీద పడింది, కుంటుకుంటూనే మూత తీశాను, పాత కాగితం వాసన, బిళ్ళలు మేం కట్టిన రబ్బరు బ్యాండ్లు కరిగి వాటికే అతుక్కుపోయి ఉన్నాయి, నేలమీద కూర్చుని ఒక్కొక్కటీ గోటితో గీకుతూ పొడుగుకి ఫోన్ చేశాను, అప్పట్లో చెరొకటి కొన్నాం కదా, నీ పెట్టె ఉందా ఇంకా అని, క్షేమసమాచారాలేం అడగలేదు, అదీ నన్ను అడగలేదు, ఉందే, ఎప్పుడు ఆడదాం అంది, అంతే. మా ఆయన నవ్వాడు, ఇంత వయసొచ్చాక యుద్ధాలేంటే అన్నాడు, సరేలే, ఆదివారం మధ్యాహ్నం చంటాడు పడుకున్నాక ఆడుకో, పిడుగుని నేను చూసుకుంటా అన్నాడు, అన్నవాడు భోంచేసి లేవగానే ఎక్కడో లిఫ్టులో మనుషులు ఇరుక్కుపోయారని ఫోనొస్తే పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు, గంటలో వచ్చేస్తా అని మెట్ల మీంచి అరిచాడు, పిడుగు ముందు రంగు పెన్సిళ్ళు పోసి, బంగారుతల్లీ, ఇక్కడే కూర్చుని ఏనుగు బొమ్మ వెయ్యి అన్నాను, వేస్తానంది, నాలుగేళ్ళు నిండని పిల్ల వేస్తానంటే నమ్మాను, ఎందుకంటే నమ్మాలని ఉంది.

సరే, వంతెన వదలను అన్నాను ఫోనులో, వదలవని తెలుసే, నీ మొండితనం నాకు తెలీదా, వెయ్యి పాచికలు అంది పొడుగు, పాచికలు గలగల్లాడాయి, ఆ గలగల ఆగాక ఇంకో చప్పుడు మిగిలింది, నీళ్ళ చప్పుడు, ఎక్కడో సన్నగా, పక్కవాళ్ళ ఇంట్లోనేమో అనుకున్నాను, అంకెలు కలిపాను, గెలిచాను, గోధుమరంగు దళం ఒకటి వెనక్కి పోవాలి, చూశావా అన్నాను గర్వంగా, అని తలతిప్పి చూస్తే పెన్సిళ్ళున్నాయి, ఏనుగుకి తొండం ఉంది, పిల్ల లేదు. స్నానాలగది తలుపు మూసి ఉంది, తోశాను, రాలేదు, మళ్ళీ తోశాను, గడియ, పై గడియ ఊడిపోతే మరలు పట్టే గట్టి చెక్క కిందే ఉందని మా ఆయన కొత్తది కిందికి బిగించాడు, పిల్ల చెయ్యి అందేంత కిందికి, అప్పుడే అనుకున్నాను చెప్పాలని, చెప్పలేదు, పిడుగూ, పిడుగూ, తలుపు తియ్యమ్మా, లోపల నీళ్ళు ధారగా పడుతున్నాయి, చంటాడి స్నానానికని గీజరు వేసి ఉంచాను, పరిగెత్తి స్విచ్చి కట్టేశాను, కట్టేస్తే ఏం లాభం, లోపలి నీళ్ళు అప్పటికే సలసలా కాగి ఉంటాయి, ఏ కొళాయి తిప్పింది, ఎర్రదా, నీలందా, నిండు బకెట్టు ఉంది, అందులోకి వంగి చూడడం దానికి సరదా, మాట్లాడవే, ఒక్క మాట మాట్లాడు, తలుపు బాదుతుంటే చంటాడు లేచి గుక్కపెట్టాడు, ఊళ్ళో వాళ్ళందర్నీ తలుపుల్లోంచి బయటికి తీసే మనిషి, ఇప్పుడు ఎక్కడున్నాడు, ఎవరి కోసం ఏ తలుపు తీస్తున్నాడు, భుజంతో గుద్దాను, తలుపు కాదు నా ఎముకే కదిలినట్టయింది, అప్పుడు లోపలినుంచి తీరిగ్గా ఒక గొంతు, అమ్మా, ఇక్కడ వాన పడుతోంది.

బతికుంది, ఆ మాట తప్ప బుర్రలో ఇంకేం లేదు, చల్లగా ఉందా వేడిగా ఉందా అమ్మా, చల్లగా, అయితే అలాగే ఉండు, ఇంకే కొళాయీ ముట్టుకోకు, ఎందుకు ముట్టుకోకు, ఆ ఎందుకుతో నా ప్రాణం పోయింది, వద్దు అంటే చేసే పిల్ల అది, బల్ల మీంచి పొడుగు అరుస్తోంది, ఏమైందే, ఏమైంది, చెప్పాను, ఏం చెప్పానో, అది వెంటనే గొంతు మార్చింది, బళ్ళో పిల్లలతో మాట్లాడే గొంతు, నువ్వు అరవకు, అరిస్తే అది భయపడుతుంది, తలుపు కింద సందుందా, దాన్ని బకెట్టు దగ్గర్నుంచి తలుపు దగ్గరికి రప్పించు ముందు, ఏదో ఒకటి తొయ్యి లోపలికి. నా గుప్పిట్లో ఇంకా ఆ నీలం బిళ్ళ ఉంది, అరచేతిలో దాని మూల గుచ్చుకుని గుంట పడింది, నేలకి బోర్లా పడుకుని సందులోంచి తోశాను, పిడుగూ, చూడు, గుర్రం వస్తోంది నీ దగ్గరికి, తడి పాదాల చప్పుడు, ఏదీ గుర్రం, ఇదా, ఇంకోటి, ఇంకోటి తోశాను, ఇంకోటి, వంతెన దగ్గరి సైన్యమంతా ఒక్కొక్కటే తలుపు కిందనుంచి పోయింది, సందులో దాని వేళ్ళు కనిపిస్తున్నాయి, నీళ్ళకి నానిన చిన్న వేళ్ళు, వాటినే చూస్తూ అన్నాను, అమ్మలూ, తలుపుకి పక్కన ఇనుప కడ్డీ ఉంది చూడు, దాన్ని పట్టుకుని లాగు, ఎటు లాగను, కుడి అంటే దానికి తెలీదు, ఎడమ తెలీదు, బ్రష్షులున్న వైపుకి లాగు నాన్నా, మూలిగింది, రావట్లేదు, ముందు పైకెత్తి తర్వాత లాగు, నాకు చేతకాదు, ఏడుపు మొదలైంది, బయట చంటాడు, లోపల ఇది, మధ్యలో నేను నేలమీద, నీకు చేతవుతుందమ్మా అంటున్నాను కానీ ఆ గొంతు నాది కాదు, రోజంతా రోగులతో మాట్లాడే గొంతు, ఊపిరి బిగబట్టు, ఇప్పుడు లాగు, వదిలెయ్, టక్కుమంది.

తల నుంచి కాలి దాకా తడిసి, రెండు గుప్పిళ్ళ నిండా నా సైన్యంతో నిలబడింది, నవ్వుతోంది, చెయ్యెత్తాను, కొట్టేదాన్నే, ఆ చెయ్యి ఎలాగో దాని వీపు చుట్టూ వెళ్ళి బిగుసుకుంది, అమ్మా, నొప్పి అంది, అప్పుడు వదిలాను. ఏడుపులు విని పై ఇంటి పిన్నిగారు వీధి తలుపు తోసుకుని వచ్చేసింది, పిల్లకి తువ్వాలు చుట్టి, చంటాణ్ణి ఎత్తుకున్న నన్నూ, బల్ల మీది పటాన్నీ చూసింది, అయ్యో అయ్యో, ఎంత గండం తప్పిందే, ఇద్దరు పిల్లల తల్లివి, ఈ అట్టముక్కలతో ఆటలేంటమ్మా, మీ ఆయనకి తెలిస్తే ఏమంటాడు అంది, ఆవిడ అన్నదేదో అప్పటికే నేను అనుకుంటున్నదే, నా కోసం ఒక్క మధ్యాహ్నం అడిగాను, వెంటనే శిక్ష పడింది, బుద్ధొచ్చింది, తడిసి పొరలు విడిపోయిన బిళ్ళలు గుడ్డతో అద్ది, పటం మడిచి పెట్టెలో కుక్కాను, మడత చిరిగింది, చిరగనీ, చంటాణ్ణి పిన్నిగారికిచ్చి స్టూలు లాక్కుని ఎక్కాను, అదీ, మంచి పని చేశావు అంటోంది కిందనుంచి, అటక మీద స్వెట్టర్ల వెనక్కి, చెయ్యి అందనంత లోపలికి తోసేద్దామని పెట్టె ఎత్తాను, ఎత్తి, అక్కడే ఆగాను.

ఎందుకంటే మొన్న గిన్నెలు తోముతుంటే చంటాడు మంచం మీంచి పడ్డాడు, నుదురు బొప్పి కట్టింది, ఇదే పిన్నిగారు వచ్చి పిల్లలన్నాక పడరా అంది, అంతకు ముందు నేను యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటుంటే పిడుగు వేలు తలుపు సందులో పడి గోరు నల్లబడింది, మా ఆయన వేలు ఊదుతూ నీ తప్పేముందిలే, పనిలో ఉన్నావు కదా అన్నాడు, ఎవరూ గిన్నెలు అటకెక్కించమనలేదు, ఇస్త్రీపెట్టె పారెయ్యమనలేదు, నేనూ అనుకోలేదు, గిన్నెలు అందరివి, బట్టలు ఉద్యోగానివి, ఈ పెట్టె ఒక్కటే నాది, అందుకే తప్పంతా వచ్చి దీని మీద కూర్చుంది, తప్పు గడియది, ఆ గడియ ఈ సాయంత్రమే పైకి ఎక్కాలి, స్టూలు దిగాను, ఏమ్మా, పట్టలేదా అంది పిన్నిగారు, పట్టింది పిన్నిగారూ, అయినా ఇది కిందే ఉంటుంది అన్నాను, ఉప్పు సీసా దగ్గర ఫోనులో పొడుగు ఇంకా లైన్లోనే ఉంది, ఏడుస్తోందని ముక్కు చప్పుడు బట్టి తెలుస్తోంది, ఉన్నావా అంది, ఉన్నాను అన్నాను, ఆ మాట అనేటప్పుడే తెలిసింది, ఎర్రదీపం వేసుకుని నిలబడిన రోజు ఎవరైనా అడిగి ఉంటే ఈ జవాబు చెప్పలేకపోయేదాన్నని.