దగ్గర చూపు

కమలాకుమారికి ఎడమకన్ను చిన్నప్పుడే పోయింది. మిగిలిన కంటి నల్లగుడ్డు మీద ముల్లు గీసుకున్న మచ్చ. ఆ కంటికీ శుక్లం రావడంతో భర్త భవానీప్రసాద్ నందిగామ తీసుకెళ్లాడు. కొత్తరకం లెన్సులు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి.

“నల్లగుడ్డు ఎగుడుదిగుడుగా ఉంది. సాదా లెన్సే నయం,” అన్నాడు డాక్టరు. “దగ్గర చూపో దూరం చూపో ఒకటి ఎంచుకోండమ్మా. రెండోదానికి కళ్లజోడు ఇస్తా.”

ఆమె నోరు తెరిచేలోగా భవానీప్రసాద్ అందుకున్నాడు. పెళ్లాన్ని అడిగినదానికి మొగుడు జవాబు చెప్పడం ఆ ఇంటి ఆనవాయితీ.

“రెండూ కనపడే కొత్త లెన్సే పెట్టండి. మా ఆవిడకి తక్కువరకం ఎందుకు?”

ఆ గుడ్డుకి అది పెడితే ప్రతి బొమ్మ పక్కనా నీడబొమ్మలు పడతాయని డాక్టరు ఎంత మొత్తుకున్నా వినలేదు.

కట్టు విప్పి కొన్నాళ్లయినా, జగ్గయ్యపేట ఇంట్లో ఆమె చచ్చిపోయిన కూతురి ఫోటోను కంటి దగ్గరికి తెచ్చుకునేది, దూరం జరిపేది, కొంగుతో తుడిచి మళ్లీ చూసేది. చూసి చూసి అతనికి ఒళ్లు మండింది.

“ఏం కావాలో ఆరోజే చెప్పి ఏడవొచ్చుగా!”

“డాక్టరుగారు నన్నే అడిగారండీ,” అంది ఆమె. “దగ్గర చూపు చాలనేదాన్ని. ఇప్పుడు ముగ్గురు అక్షయలు కనపడుతున్నారు. ఒక్కత్తీ మన పిల్లలా లేదు.”