రెండు పొయ్యిల మధ్య గోడ

నేను ఒక గోడను. గోడకేం కథ ఉంటుందిలే అని వెళ్లిపోకండి, కాస్త ఆగండి! ఇప్పుడంటే రాయి రాయీ విప్పి తెచ్చి ఈ మ్యూజియంలో నిలబెట్టారు గానీ, నేను విక్టోరియా రాణి కాలంలో వేల్స్‌లోని ఓ బొగ్గు లోయలో పుట్టాను. గని కార్మికుల ఇళ్ల వరస అది. కింద రెండు గదులు, పైన రెండు, నల్ల పలకరాళ్ల కప్పు, గడప దాటితే నేరుగా వీధి. గని యజమాని మహా పిసినారి. ఇంటికో గోడ దండగని రెండిళ్లకూ కలిపి నన్నొక్కదాన్నే కట్టించాడు. నా అదృష్టం చూడండి, చెరో పక్కా పొయ్యి, చెరో పక్కా కాపురం! రెండిళ్ల గుట్టూ నాకు తెలుసు.

ఎడమ పక్క మార్గెడ్. ఆ వరసలో కాన్పులన్నీ ఆమే చేసేది. కుడి పక్క గ్వెన్లియన్, తొలిచూలు గర్భిణి. పొయ్యి ఎగదోసే ఇనపచువ్వతో నన్ను టకటకా కొడితే ‘టీ పెట్టాను, రా’ అని పిలుపు. వరసంతా అదే అలవాటు. ఆ దెబ్బలంటే నాకెంత ఇష్టమో!

అంతలో సమ్మె వచ్చింది. కడుపుతో ఉన్న భార్య పస్తులుంటోందని గ్వెన్లియన్ భర్త ఇయాన్ సమ్మె విడిచి గనిలోకి దిగాడు. వీధి వీధంతా ఆ ఇంటిని వెలేసింది. రాళ్లకు కిటికీలు పగిలితే ఇయాన్ చెక్కలు బిగించాడు. ఆ గడప తొక్కినవాళ్లనూ వెలేస్తామన్నారు. మార్గెడ్ చువ్వ మూగబోయింది. నాకు ఏడుపొచ్చింది.

ఒక మధ్యాహ్నం కుడి పక్క నుంచి దెబ్బలు. ఆగకుండా దెబ్బలు!

“మార్గెడ్! నొప్పులు... లేవలేకపోతున్నా!”

మార్గెడ్ చేతిలో పని వదిలేసి వీధిలోకి ఉరికింది. అందరూ చూస్తున్నారు. తలుపుకు లోపల గడియ. చెక్కలు కదల్లేదు. ఉత్త చేతులతో ఇంట్లోకి తిరిగొచ్చింది.

ఇప్పుడు నా రహస్యం వినండి. పిసినారి యజమాని నన్ను అటక దాకే కట్టించాడు. ఆ పైన, కప్పు కింద, వరసంతా ఒకటే చీకటి గుహ. ‘పైకెక్కు తల్లీ, పైకెక్కు!’ అని నాలో నేనే అరిచాను. అంతలో నిచ్చెన కిర్రుమంది! మార్గెడ్ పావడా ఎగదోపుకుని, మసికి దగ్గుతూ, నా నెత్తి మీదుగా పాక్కుంటూ అవతలికి దిగింది. ఒళ్లంతా పులకరించిపోయాను!

బిడ్డ కేరుమంది. మార్గెడ్ గడియ తీసి వీధి తలుపు బార్లా తెరిచింది.

“ఆడపిల్ల! తల్లికి నెత్తురు ఆగట్లేదు. వేణ్ణీళ్లు కావాలి, పాతగుడ్డలు కావాలి. నన్ను వెలేసేదేదో రేపు వెయ్యండి!”

ఎవరూ కదల్లేదు. నాకు గుండె ఉంటే ఆగిపోయేదే. అప్పుడు కెటిల్ మూత చప్పుడైంది.

“తప్పుకో, కాల్తుంది,” అందొక ఆడమనిషి.

ఆ గొంతు నాకు తెలుసు. కిటికీలు పగిలిన రోజు అందరికంటే గట్టిగా అరిచిన గొంతు. ఆమే ముందు గడప దాటింది. వెనకే ఇంకొకరు, ఆ వెనకే మరొకరు.

గ్వెన్లియన్ బతికింది. సాయంత్రం ఇయాన్ గని నుంచి వచ్చేసరికి ఇంట్లో కాలు పెట్టడానికి చోటు లేదు. బొగ్గు మొహంతో గుమ్మంలోనే నిలబడి, వలవలా ఏడ్చాడు.