బీరువా ముందు ఆరు సెకన్లు

నిజమైన భయాన్ని నటించడం ఎవరి తరమూ కాదని, నటి ముఖంలో భయం కావాలంటే ఆమెను నిజంగానే భయపెట్టాలని సినిమాలు తీసేవాళ్లలో ఒక నమ్మకం ఉంది. భయానక లఘుచిత్రాలు తీసేవాళ్లలో అది మరీ గట్టిది. పది పన్నెండు నిమిషాల్లో చూసేవాడి గుండె జారాలి. కథకు వ్యవధి ఉండదు, పాత్రకు పుట్టుపూర్వోత్తరాలు ఉండవు. ఉన్నదల్లా ఒక గది, ఒక తలుపు, ఒక ముఖం. ఆ ముఖం అబద్ధమాడితే సినిమా అంతా అబద్ధమేనంటారు. ఈ మాటను ఎవరైనా తూచి చూసిన దాఖలా మాత్రం లేదు. పెద్దవాళ్లు చెప్పారు గనక చిన్నవాళ్లు చేస్తారు. ఇంతమంది చేస్తున్నారు గనక పెద్దవాళ్లు చెప్పింది నిజమే అయివుంటుందని అందరూ నిశ్చింతగా ఉంటారు.

ఆ నమ్మకం ఒక సోమవారం ఉదయం కత్తెరమ్మ ఎడిటింగ్ గదిలో, ఇరవై ఏడో షాట్ మూడో టేకుగా తెర మీదికి వచ్చింది.

కత్తెరమ్మకు తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. కాని ఫిల్మును నిజంగానే కత్తెరతో కోసి అతికించిన తరం మనిషి కావడంతో, ముప్ఫై ఏళ్లుగా ఆమెను అందరూ అలాగే పిలుస్తున్నారు. ఈ చిత్రం తీసిన దర్శకుడు మూడేళ్లు ఆమె పక్కన కూర్చుని పని నేర్చుకున్నవాడు. ఇందులో నటించిన పిల్ల ఆమె చెల్లెలి కూతురు. చిన్నప్పుడు అరచేతిలో ఇమిడేంత ఉండేదని ఇంట్లో ఇప్పటికీ పిచ్చుక అనే అంటారు.

రాసుకున్న ప్రకారం ఇరవై ఏడో షాట్ చాలా సాదాది. అమ్మాయి బీరువా తలుపు తీస్తుంది. లోపల బట్టలు తప్ప ఏమీ ఉండవు. ఆమె ఏమీ లేనిచోట ఏదో చూసి బిగుసుకుపోవాలి. రెండో టేకులో పిచ్చుక ఆ పని అచ్చంగా చేసింది. ఊపిరి సగంలో ఆగింది. కళ్లు బీరువా కుడిమూలకు మెల్లగా వెళ్లి అక్కడే నిలిచిపోయాయి. మూడో టేకుకు ముందు దర్శకుడు ఆమెకు చెప్పకుండా బట్టల వెనక ఒక మనిషిని నిలబెట్టాడు. తలుపు తీయగానే ఆ మనిషి ఆమె మణికట్టు పట్టుకుని లోపలికి లాగాడు.

అదంతా కలిపి ఆరు సెకన్లు. మొదటి సెకనులో పిచ్చుక ముఖంలో ఏమీ లేదు, కలిపి పెట్టిన పిండిముద్దలా ఉంది. తర్వాత విదిలించుకోబోయి వెనక్కి పడింది, మోచేయి మంచం అంచుకు టక్కున తగిలింది. పడుతూ పడుతూ, తనను పట్టుకున్న మనిషితోనే, "సారీ... సారీ అండీ, సారీ!" అంది.

కత్తెరమ్మ దాన్ని నాలుగుసార్లు చూసి ఫోను తీసింది.

"మోచేతికి ఆ కట్టేమిటని నిన్న అడిగితే మెట్ల మీద జారానన్నావు."

అవతల పిచ్చుక గొంతు తగ్గించింది. "చూశావా?"

"చూశాను."

"అమ్మకి చెప్పకు పెద్దమ్మా. చెప్తే నన్ను ఇంకో సెట్టు గడప తొక్కనివ్వదు." పిచ్చుక గొంతు గట్టిపడింది. "ఆ టేకు మాత్రం సినిమాలో ఉండటానికి వీల్లేదు. మొదటి రెండూ నేను ఇచ్చినవి. అది నేను ఇచ్చింది కాదు, లాక్కున్నది. ఎందుకిలా చేశావని డైరెక్టర్ని అడిగితే, 'జీవితంలో మళ్లీ అంత బాగా చెయ్యలేవు' అన్నాడు. నేను చేసిందేముంది అందులో? పడ్డాను, అంతే!"

ఆ మధ్యాహ్నం దర్శకుడు వచ్చేసరికి కత్తెరమ్మ వేసుకోవలసిన మందు వేసుకోలేదు, తినవలసిన అన్నం తినలేదు. అతను కుర్చీ లాక్కుని కూర్చుంటూనే, "మూడో టేకు చూశావా అక్కా? ప్రాణం లేచొచ్చింది కదూ?" అన్నాడు.

"లేచొచ్చింది. ఎవరి ప్రాణమో తెలుసా నీకు?"

"చిన్న దెబ్బేగా. కట్టు కూడా నేనే దగ్గరుండి కట్టించాను."

"ఇల్లు తగలబెట్టి నీళ్ల బిందె కూడా నువ్వే తెచ్చావన్నమాట. ఎంత మంచివాడివి నాయనా!"

అతని ముఖం మాడింది. "ఆ అమ్మాయి ఏ గొడవా లేకుండా ఇంటికెళ్లింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకక్కా?"

"కందకు దురద ఉందో లేదో కందను అడిగావా? నేను అడిగాను కాబట్టే చెబుతున్నా. తీసేయమంటోంది."

"తీసేది నువ్వు కాదు, ఆ మాట ఒప్పందం కాగితం మీద ఉంది. చివరి కూర్పు నాది. రెండో టేకు నటన. నటన ఎంత బాగున్నా జనం పసిగడతారు. నిజం నిజమే."

కత్తెరమ్మ చేతిలోని మౌసును బల్ల మీద పెట్టింది. పెట్టింది అనడం మర్యాద కోసం, అది బల్ల అవతలి అంచు దాకా పోయింది. అతను పుట్టకముందు నుంచీ ఈ వాక్యాన్ని ఆమె వింటోంది. ఈ వాక్యం చెప్పి ఒకరు నటి మీద ఎలుకలు వదిలారు, ఒకరు చెప్పకుండా చన్నీళ్లు కుమ్మరించారు. చెప్పిన ప్రతివాడూ కెమెరా వెనకే ఉన్నాడు. ముందున్నవాడు చెప్పగా ఆమె ఎన్నడూ వినలేదు.

"పసిగడతారని నీకెవరు చెప్పారు?"

"అందరికీ తెలుసు."

"అందరికీ తెలిసినదాన్ని ఒక్కడూ లెక్కపెట్టలేదు. నేను లెక్కపెడతాను. మన డబ్బింగ్ హాల్లో పన్నెండు కుర్చీలున్నాయి. రెండో టేకుతో ఒక పన్నెండుమందికి, మూడో టేకుతో వేరే పన్నెండుమందికి సినిమా వేద్దాం. ఒకసారి అదిరినవాడు రెండోసారి అదరడు, కాబట్టి మనుషులు మారాలి. సగం మందిని నువ్వు తీసుకురా, సగం నేను. తెర పక్కన కెమెరా పెట్టి వాళ్లను తీద్దాం. ఎంతమంది ఉలిక్కిపడ్డారో శబ్దం లేకుండా చూసి, ఏ టేకో తెలియకుండా, నువ్వే లెక్కపెట్టు. నీ టేకు ఓడితే తీసేస్తావా?"

"ఓడితే తీసేస్తాను," అన్నాడు. ఓడదని అతనికి తెలుసు. అందరికీ తెలిసినట్టే.

సాయంత్రం ఈ ఏర్పాటు చెప్పడానికి చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు కత్తెరమ్మకు తన మీద తనకే కాస్త మురిపెంగా ఉంది. పిచ్చుక వంటగదిలో ఎడమచేత్తో గిన్నెలు తోముతోంది. అంతా విని కొళాయి కట్టేసింది.

"అంటే చూడకూడదన్నదాన్ని పన్నెండుమందికి చూపిస్తావు."

ఇంత పకడ్బందీగా అల్లిన పరీక్షలో ఆ రంధ్రం కత్తెరమ్మకు కనబడనే లేదు.

"పైగా వాళ్లు చేతులెత్తి అదే బాగుందంటే? ఉంచేస్తావా?"

"ఉంచను. వాడితో తగువు పెట్టుకునైనా..."

"అయితే పరీక్ష దేనికి? నేను వద్దంటే చాలదూ? వాడు నన్ను అడగలేదు. నువ్వైనా వాడి దగ్గరికి వెళ్లేముందు నన్ను అడిగావా?"

"అడగలేదు. తప్పే. నువ్వు వద్దంటే ఇప్పుడే మానేస్తాను."

పిచ్చుక చాలాసేపు తడిచెయ్యి తుడుచుకుంది. "మానేస్తే కాగితం చూపించి పెట్టేస్తాడు. కానివ్వు. కాని నేనూ వస్తాను. వెనక నిలబడి చూస్తాను. నా మొహం ఎవరెవరు చూస్తున్నారో నేనూ చూడాలిగా."

శనివారం పొద్దున రెండు ప్రదర్శనలు జరిగాయి. మొదటి పన్నెండుమందీ రెండో టేకు చూశారు. పిచ్చుక కళ్లు బీరువా మూలకు వెళ్లి నిలిచేసరికి హాల్లో దగ్గు కూడా ఆగింది. ఒకావిడ పక్కనున్న పరాయి మనిషి మోచేయి పట్టుకుని, చూసుకుని, వదిలేసింది.

రెండో గుంపుకు మూడో టేకు వేశారు. చెయ్యి వచ్చింది, పిచ్చుక పడింది. "సారీ అండీ, సారీ!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు పక్క కుర్చీకి అంటుకుంది. ముందు వరసలో ఒకాయన, "దయ్యానికి కూడా మర్యాదే!" అన్నాడు. ఇంకో ముగ్గురు బాహాటంగా నవ్వారు.

వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ పిచ్చుక కదల్లేదు. దీపాలు వెలిగేసరికి ఆమె నడవాలో ఉంది. కత్తెరమ్మ పరుగున వెళ్లింది.

"గెలిచావుగా పెద్దమ్మా," అంది పిచ్చుక. "నిజం చూపిస్తే నవ్వారు. నీ వాదం నెగ్గింది. సంతోషమేనా?"

ముప్ఫై ఏళ్ల వృత్తిలో ఎవరికీ తల వంచని కత్తెరమ్మ తల వంచింది.

లెక్క తేలింది. రెండో టేకుకు ఉలిక్కిపడ్డవాళ్లు ఏడుగురు, మూడో టేకుకు ఇద్దరు, నవ్వినవాళ్లు అయిదుగురు. దర్శకుడు అంకెలు చూసి ఎగిరాడు.

"ఇది అన్యాయం! దెబ్బ వెయ్యకుండానే చూపించారు. దెబ్బ పడితే ఆ సారీ ఎవడికి వినపడుతుంది?"

దెబ్బ అన్నది సౌండాయన మాట. ఆయన అరవై దాటిన మనిషి, చెవికి తప్ప దేనికీ విలువివ్వనివాడు. భయానక చిత్రంలో అసలు చోటు రాగానే ఒకటిన్నర సెకను సమస్త శబ్దాన్నీ తీసేసి, ఆ వెంటనే ఇనుము మీద ఇనుము పడ్డట్టు ఒక్కటి వేస్తాడు. "ముందు చెవిని పస్తు పెట్టాలి, తర్వాత చెంప పగలగొట్టాలి. వంట ఇంతే," అంటాడు.

"మసి పూసి మారేడుకాయ చేస్తానంటాడు, చెయ్యనివ్వమ్మా. రేపు వేసిపెడతాను," అన్నాడు సౌండాయన కత్తెరమ్మతో.

కత్తెరమ్మ పిచ్చుక వైపు తిరిగింది. "రెండు టేకులనూ దెబ్బతో రేపు ఇంకో ఇరవై నలుగురికి చూపించాల్సి వస్తుంది. ఈసారి నిన్ను అడుగుతున్నాను. వద్దంటే ఇక్కడితో ఆపుతాను."

"ఒక్క షరతు," అంది పిచ్చుక. ఆమె దర్శకుణ్ణి బయట కూర్చోమని, తలుపు వేసి, మిగతా ఇద్దరితో మాట్లాడింది. "రేపు ఇరవై నలుగురు వస్తారుగా. ఒక పన్నెండుమందికి నా మూడో టేకు, దెబ్బతో. ఇంకో పన్నెండుమందికి నన్ను తీసేసి వేయండి."

"తీసేసి ఏం వేస్తాం?"

"మూసిన బీరువా తలుపు. అదే ఆరు సెకన్లు. అదే దెబ్బ."

సౌండాయన ఈల వేశాడు. కత్తెరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. ఇది ఆమెకు తట్టవలసిన ప్రశ్న. తట్టకపోవడానికి కారణం ఆమెకు అప్పుడే తెలిసింది. నటన నిజాన్ని గెలవాలని ఆమె ముందే కోరుకుంది. కోరుకున్నవాళ్లు మూడో దారి వెతకరు.

ఆదివారం మధ్యాహ్నానికి, దర్శకుణ్ణి హాల్లోకి రానివ్వకుండానే, రెండు ప్రదర్శనలూ అయ్యాయి. సాయంత్రం నాలుగు గంటలకు దర్శకుడూ సౌండాయనా పక్కపక్కన కూర్చుని, ప్రేక్షకుల ముఖాల మీద తీసిన రెండు వీడియోలూ శబ్దం లేకుండా చూశారు. ఏది దేనిదో పైన రాసి లేదు. భుజాలు ఎగరడం, మడమలు లేవడం ఒక్కొక్కటే ఆపి చూసి విడివిడిగా లెక్క రాశారు. ఇద్దరి లెక్కా కలిసింది. ఒకదానిలో పదిమంది, ఇంకోదానిలో పదకొండుమంది. రెండోదానిలో ఒకతను చేతిలోని నీళ్లసీసా జారవిడిచాడు.

దర్శకుడు ఆ సీసా దగ్గర వీడియో ఆపించాడు. వేలు తెరకు తగిలేంత దగ్గరగా పెట్టాడు.

"ఇదీ! ఇదక్కా నా టేకు. ఆ మొహాలు చూడు. దెబ్బ ఒక్కటే అయితే ఇలా అదరరు. వీళ్లు నిజాన్ని చూశారు. ఇందులో నటన ఉందా, చెప్పు? ఈ తేడా నేను నిద్దట్లో లేపినా చెప్తాను."

"ఖాయమేనా?" అంది కత్తెరమ్మ.

"నూటికి నూరు పాళ్లు."

కత్తెరమ్మ ఆ పన్నెండుమంది చూసిన చిత్రాన్ని పెద్ద తెర మీద వేసింది. గది, దీపం, మంచం. శబ్దం పోయింది. మూసిన బీరువా తలుపు, దాని పిడి. దెబ్బ పడింది. తలుపు అలాగే ఉంది. ఆరు సెకన్లు గడిచాయి.

దర్శకుడు వేలు వెనక్కి తీసుకున్నాడు. "పన్నెండుమందితో లోకం తేలదు," అన్నాడు.

"తేలదు," అంది కత్తెరమ్మ. "కావాలంటే నూటఇరవై మందిని పిలుద్దాం. నేను సిద్ధం."

"పిలువు," అంది పిచ్చుక గుమ్మం దగ్గరి నుంచి. అంతసేపూ ఆమె అక్కడే నిలబడి ఉందని అతను గమనించలేదు. "తలుపును ఎంతమందికి కావాలంటే అంతమందికి చూపించుకో. దానికి మోచెయ్యి లేదు. నువ్వు నా చెయ్యి లాగించింది ఒక తలుపు చేసే పని కోసం. అది కూడా తలుపే బాగా చేసింది."

"నేను కావాలని నీకు దెబ్బ..."

"పడాలని కాదులే. పడితే బాగుంటుందని."

అతను బల్ల మీదున్న తన సంచి తీసుకుని, అందులోంచి మూడో టేకు ప్రతి ఉన్న హార్డ్‌డిస్కు తీసి కత్తెరమ్మ ముందు పెట్టాడు.

నాలుగు ప్రదర్శనల ఫలితాలూ కత్తెరమ్మ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించింది. నటించిన టేకు, దెబ్బ లేకుండా: పన్నెండుమందిలో ఏడుగురు. నిజంగా భయపెట్టిన టేకు, దెబ్బ లేకుండా: ఇద్దరు. అదే టేకు, దెబ్బతో: పదిమంది. మూసిన తలుపు, దెబ్బతో: పదకొండుమంది.

మూడో టేకు ప్రతులు రెండింటినీ ఆ సాయంత్రం అయిదు గంటల పది నిమిషాలకు పిచ్చుకే తన చేత్తో చెరిపేసింది. పూర్తయిన చిత్రం నిడివి పదకొండు నిమిషాల నలభై సెకన్లు. ఇరవై ఏడో షాట్ స్థానంలో రెండో టేకు ఉంది, దెబ్బ లేదు. దర్శకుడు క్షమాపణ చెప్పలేదు.