నర్సమ్మ వేసిన కుట్లు

మూడు నెలలు క్లాసుకు వెళ్లి విసుగొచ్చి మానేశాను. ఉన్నమాట చెప్పడానికి నాకేం భయం?

పక్షవాతం వచ్చి మా ఆయనకు ఎడమకాలు పట్టు తప్పింది. ఓ రోజు స్నానాల గదిలో పడిపోతే లేపలేక, పక్కింటివాళ్లు పని నుంచి వచ్చేదాకా ఇద్దరం నేలమీదే కూర్చున్నాం. "ఇంకోసారి ఇలా అయితే నాన్నని ఎక్కడైనా చేర్పించాల్సిందేనమ్మా" అంది మా అమ్మాయి. దాని తప్పేం లేదు. కానీ నలభై ఆరేళ్లుగా నాతో పోట్లాడుతున్న మనిషిని పంపేసి, నేనిక ఎవరితో పోట్లాడను?

అందుకే వీధి చివరి హాల్లో పెద్దవాళ్లకు బలం పెంచే క్లాసులో చేరాను. నేర్పేది రిటైరైన నర్సమ్మ. దర్జీదాన్ని కనుక అందరికీ గుడ్డసంచులు నేనే కుట్టిచ్చాను. వాటిలో సగందాకా ఇసుక. సంచిని గుండెలకు హత్తుకుని కుర్చీలోంచి లేవాలి, కూర్చోవాలి. అంతే.

"మనిషిని లేపడం నేర్పవే అంటే గుంజీలు తీయిస్తావేంటి?" అన్నాను.

"ముందు నిన్ను నువ్వు లేపుకో అక్కా."

నెలలు గడిచినా ఆ సంచి పిసరంత తేలికైతే ఒట్టు. పైగా దాని మూతి దగ్గర కుట్లు వంకరటింకరగా కనిపించేవి. చూపు మందగించి నేనే అలా కుట్టానేమోనని నన్ను నేనే తిట్టుకున్నాను.

"రేపట్నుంచి రాను" అని తెగేసి చెప్పొచ్చిన మర్నాడే, మధ్యాహ్నం ఆయన వంటింట్లో జారిపడ్డారు. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇద్దరికీ అమ్మాయి మాటే గుర్తొచ్చింది. వెనక చేరి, చంకల కింద చేతులేసి, గుండెలకు హత్తుకుని క్లాసులో లేచినట్టే లేచాను. కాళ్లు నిలబడ్డాయి. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాను.

"చొక్కా చించేశావు" అన్నారు.

"కుట్టిపెడతాలెండి" అన్నాను ఏడుస్తూ.

సాయంత్రం హాలుకు వెళ్లేసరికి నర్సమ్మ నా సంచీ ఒళ్లో పెట్టుకుని మూతి కుడుతోంది. పక్కన గిన్నెలో ఇసుక. గాయానికి వేసినట్టు కుట్టుకుట్టుకీ విడిగా ముడి.

"వారానికో గుప్పెడు పోస్తున్నాను. చెబితే మొయ్యనంటావుగా అక్కా."

"రానని చెప్పి పోయానుగా. మళ్లీ ఎందుకు పోశావు?"

"వస్తావని."

దర్జీగా ఇన్నేళ్లు బతికి ఇంత దిక్కుమాలిన కుట్టు ఎక్కడా చూడలేదు. ఆ చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నాను.

"ఇంకో గుప్పెడు పొయ్యి" అన్నాను. "మా ఆయన ఒళ్లు చేస్తున్నారు."