టీ పెట్టమన్న కేక

సుబ్బరత్నం చాటలో మిరపకాయలకు తొడిమలు తీస్తూ, ఒళ్లో పుస్తకం పెట్టుకుని కూతురి చేత పాఠం అప్పజెప్పించుకుంటోంది. తెల్లారితే సాహిత్యకు ఖమ్మంలో బ్యాంకు పరీక్ష.

"అర్థం నువ్వు చదువమ్మా, ఇంగ్లిష్ మాట నేను చెప్తా."

"కోపంగా ఉన్నవాళ్లను చల్లబరచడం."

"ప్లకేట్. అపీజ్ కూడా. కాకపోతే అపీజ్ అంటే వాళ్లు అడిగింది ఇచ్చేసి చల్లబరచడం."

"మెల్లగా బుజ్జగించి దారికి తెచ్చుకోవడం."

"కోక్స్."

"పెద్దవాళ్ల మెప్పు కోసం వాళ్లకు నచ్చేట్టు మసలుకోవడం."

"ఇన్‌గ్రేషియేట్. ఇదొక్కటీ నోరు తిరగట్లేదు."

సుబ్బరత్నానికి నవ్వొచ్చింది. ఒక్కో మాటకూ ఆమె దగ్గర ఒక్కో మనిషి ఉన్నారు. మొదటిది మొగుడు వెంకటరామారావు. కూరలో ఉప్పు తగ్గితే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. మగవాడు తినకుండా ఆడవాళ్లు తినకూడదని ఆ ఇంటి కట్టుబాటు. అందుకని అందరి ఆకలీ మోసుకుని ఆయన గది గుమ్మంలో నిలబడి మాటలు కలపాల్సింది ఈమే. రెండోది అత్తగారు. బీపీ మాత్ర మింగించడానికి పావుగంట పొగడాల్సి వచ్చేది. మూడో మాటకు ఆడపడుచులు ముగ్గురూ సరిపోతారు. "మా రత్నం నోట్లో తేనె ఉంటది" అని అత్తగారు నలుగురిలో మెచ్చుకునేది. మెచ్చుకోవడానికి ఖర్చేమీ లేదు గనుక బాగానే మెచ్చుకునేది. ఇరవై ఆరేళ్లుగా చేస్తున్న పనికి పుస్తకంలో పేర్లున్నాయని సుబ్బరత్నానికి ఇప్పుడే తెలిసింది.

ఇంటి ముందు గదే కొట్టు. ఏన్కూరు చుట్టుపక్కల రైతుల దగ్గర మిరపకాయలు కొని ఖమ్మం మార్కెట్టుకు పంపడం వెంకటరామారావు వ్యాపారం. తూచాక తేమ ఉందనీ తాలుకాయలు ఉన్నాయనీ బస్తాకు కొన్ని కిలోలు తరుగు కింద కోస్తాడు. రైతు గొంతు పెంచితే లోపలికి ఒక కేక వేస్తాడు: "రత్నం, టీ పెట్టు!" ఆయనకు కావలసింది టీ కాదు. సుబ్బరత్నం గ్లాసులతో బయటికి రావాలి, పిల్లల్ని పేరుపేరునా అడగాలి, ఎండల గురించి రెండు మాటలనాలి. రైతు గొంతు దిగుతుంది. తరుగు అలాగే ఉంటుంది.

ఇవాళ కొట్లో గొంతు పెంచింది ముత్తక్క. అడవి పక్క ఊరి నుంచి మొగుడు బొజ్జయ్యతో కలిసి ఆటోలో బస్తాలు తెచ్చింది.

"ఏంది సావుకారీ, పోయినేడు అంత కోసినవ్, ఇయ్యేడు ఇంకింత కోస్తవా? చేతుల నలిపి చూడు, కాయ గలగలమంటంది. నీళ్లున్నయి మా కాయలల్ల కాదు, నీ తరాజుల!"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. కేక లోపలికి వచ్చింది. "రత్నం, టీ పెట్టు!"

అలవాటు కొద్దీ సుబ్బరత్నం లేచింది. పోయినేడు ముత్తక్క మనవరాలి జ్వరం సంగతి అడిగింది తనే. ముత్తక్క కళ్లు తుడుచుకుని, ఇక మాట్లాడకుండా తరుగుకు ఒప్పుకుంది. అది గుర్తొచ్చింది. సుబ్బరత్నం మళ్లీ కూర్చుంది.

"అమ్మా, నాన్న పిలుస్తున్నారు."

"విన్నాను. తర్వాతి అర్థం చదువుతా, మాట చెప్పు."

రెండో కేక, మూడో కేక. ఆ తర్వాత ముత్తక్క గొంతు: "ఎత్తయ్యా బస్తాలు! ఊరు మొత్తానికి ఈ ఒక్క తరాజే ఉన్నదా?" ఆమె వెనక వరసలో ఉన్నవాళ్లూ తమ బస్తాలు ఎత్తుకుపోయారు.

వెంకటరామారావు లోపలికి వచ్చాడు. "చెవుడొచ్చిందా నీకు? పదిమందిలో నా పరువు తీశావ్!"

"టీ ఎందుకండీ, తరుగు తగ్గిస్తే పోయేదిగా."

ఆయన ఆమె ఒళ్లో పుస్తకం కేసి, కూతురి కేసి చూశాడు. "ఈ చదువులు ఇంటిల్లిపాదికీ నెత్తికెక్కినయ్. పరీక్షా లేదు, గిరీక్షా లేదు. రేపు ఎవరూ గడప దాటొద్దు." గదిలోకి పోయి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సాహిత్య తల్లి వైపు చూసింది. ఎప్పటిలాగే అమ్మ వెళ్తుందని ఆ చూపు. సుబ్బరత్నం కదల్లేదు.

"నువ్వే పోయి అడుగు. వెళ్తున్నానని చెప్పు. బతిమాలకు."

"బతిమాలకుండా ఎట్లా పంపుతారమ్మా?"

సుబ్బరత్నం చాటను మళ్లీ దగ్గరికి లాక్కుంది. సాహిత్య వంటింట్లోకి వెళ్లింది. అల్లం దంచిన చప్పుడయింది. కాసేపటికి గోడ అవతల ఆమె గొంతు, ఎన్నడూ లేనంత మెత్తగా:

"నాన్నా, టీ తాగండి. అమ్మ సంగతి మీకు తెలియనిదా? ఈమధ్య ఊరికే చిరాకు పడుతోంది. తప్పు అమ్మదే. పదిమందిలో మిమ్మల్నట్లా చిన్నబుచ్చితే నాకే సిగ్గనిపించింది."

మంచం కిర్రుమంది. "నీకైనా తెలిసింది తల్లీ."

"నేనుంటే అట్లా కానిస్తానా? పరీక్ష రాసి సాయంత్రానికల్లా వచ్చేస్తా. ఎల్లుండి నుంచి కొట్లోకి నేనే వస్తాలెండి, రైతులతో నేను మాట్లాడతా."

ఖాళీ గ్లాసు కింద పెట్టిన చప్పుడయింది. "సరే. పొద్దున్నే బస్సుకు పో."

తర్వాత ఆయన గొంతు గోడ దాటి వచ్చింది. "ఏమే, పిల్ల చెప్పింది విన్నావా? నిజమా కాదా?"

గుమ్మంలోకి వచ్చిన సాహిత్య తల వంచుకుని నిలబడింది. కాదంటే రేపటి ప్రయాణం లేదు.

"నిజమేనండీ," అంది సుబ్బరత్నం. "తప్పు నాదే."

పిల్ల బేరం బాగానే చేసింది. ఇచ్చింది తల్లిని. తెచ్చుకుంది పరీక్షకు ఒక్క పగలు.